ఆకుపచ్చ తీగ

తీగలాయనకు రంగుల పిచ్చి ఊరికే పట్టలేదు. కళ్ళ ముందు ఒక మనిషి నలిగిపోయాక పట్టింది.

అప్పటికి అతను లిఫ్టులు బాగుచేసే పనిలో కొత్త. పని నేర్పుతున్న పెద్ద మేస్త్రి లిఫ్టు గుంతలోకి దిగి బోల్టులు బిగిస్తున్నాడు. పైన మోటారు గదిలో ఇంకొకడు తీగలు కలుపుతున్నాడు. ఆ పాత పెట్టెలో తీగలన్నీ నలుపే. ఏది ఆపేదో ఏది కదిలించేదో చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. వాడు ఒకటి అనుకుని ఇంకొకటి కలిపాడు. లిఫ్టు దిగింది. మేస్త్రికి అరవడానికి కూడా వ్యవధి దొరకలేదు. ఎండుకట్టెల మోపు విరిగినట్టు ఒక చప్పుడు మాత్రం వచ్చింది. ఆ మనిషిని పైకి తీసినవాళ్ళలో తీగలాయన ఒకడు. తీయడమంటే, ఎక్కడ పట్టుకోవాలో తెలియక ఎక్కడో ఒకచోట పట్టుకోవడం. బక్కెట్లతో నీళ్ళు పోసి గుంత కడిగింది కూడా అతనే.

ఆనాటి నుంచి రంగు లేని తీగ మీద అతను చెయ్యి వెయ్యలేదు. లిఫ్టు పెట్టె తెరిస్తే ముందు ప్రతి తీగకూ ఒక రంగు కట్టేవాడు, తర్వాతే పని. తోటివాళ్ళు నవ్వేవారు. నవ్వితే నవ్వారు, ఆయన చేసిన లిఫ్టు కింద ఎవరూ చావలేదు.

ఇక ఇంటి సంగతి. పెద్ద పెద్ద ఆఫీసుల కింద, లిఫ్టు ఆగే నేలమాళిగల్లో పాత కంప్యూటర్లు గుట్టలుగా పడి ఉంటాయి. కొత్తవి రాగానే పాతవాటిని కాలితో తన్ని అక్కడ పడేస్తారు. తీగలాయన వాటిని అడిగి తెచ్చుకునేవాడు. తల్లి చీరలు పెట్టుకున్న ఇనుప బీరువాకి వెనక రేకు కోసి, ఫ్యాన్లు బిగించి, అరల్లో ఆ కంప్యూటర్లు పేర్చాడు. దాన్ని సర్వర్ అంటారు. అదేదో బ్రహ్మపదార్థం అనుకోనక్కర్లేదు. నలుగురి ఫోటోలు, సినిమాలు, పిల్లల పాఠాలు, గుమ్మం ముందు కెమెరా చూసినవి అన్నీ దాచిపెట్టి, ఎవరడిగితే వాళ్ళకు తీసిచ్చే కంప్యూటర్. కింది వాటాలో పళ్ళ డాక్టరుకు, పక్కింటి టీచరమ్మకు, ఎదురింటి ముసలాయనకు, డాబాల మీదుగా వీధిలో సగం మందికి అతనే తీగలు లాగి ఇచ్చాడు. ఊరికే ఇచ్చాడు. ప్రతిఫలంగా ఆయన కోరేది ఒక్కటే, వచ్చినప్పుడల్లా బీరువా తలుపులు తీసి చూపిస్తే ఓపిగ్గా చూడాలి.

అందులో ఒక్కొక్కరిదీ ఒక్కో రంగు. బట్టలు కుట్టే భార్యకు ఎరుపు. టీచరమ్మకు ఊదా. డాక్టరుకు నారింజ. చెల్లెలికి ఆకుపచ్చ. ఆ రంగు ఆమె చిన్నప్పుడే పట్టుబట్టి తీసుకుంది. పెళ్ళయి వెళ్ళిననాడు ఆ తీగ ఊడదీసి, చుట్టచుట్టి, బీరువా అడుగున పెట్టాడు. తీగలన్నీ వచ్చి చేరే పెట్టెలో దాని రంధ్రం ఖాళీగానే ఉంచాడు. ఎవరైనా ఆ ఖాళీ తమకిమ్మంటే, "అది మా అమ్మడి చోటు" అనేవాడు.

ఇలాంటి పిచ్చివాళ్ళకు ఫోన్లో ఒక గ్రూపుంది. ఊరూరా ఉన్న బీరువాల ఆసాములంతా ఆదివారం పూట తలుపులు బార్లా తెరిచి ఫోటో తీసి అందులో పెట్టాలి. పెళ్ళిచూపుల్లో కూడా పిల్లని అంత తేరిపార చూడరు. ఏ తీగ ఎక్కడ వంగింది, ఏ క్లిప్పు వంకరగా పడింది అని వంకలు పెట్టేవాళ్ళు, మెచ్చుకునేవాళ్ళు. తీగలాయన బీరువాకు వంక పెట్టిన మొనగాడు లేడు. ఆ మెప్పు కోసమే ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాడు. మనిషన్నాక ఏదో ఒక మూల బోలెడు ఆశ ఉంటుంది, అతనిది అక్కడుంది.

చెల్లెలి మొగుణ్ణి ఆ గ్రూపులో చేర్చింది కూడా తీగలాయనే.

వాడి ఉద్యోగం, వాయిదాలు కట్టనివాళ్ళ బండ్లు వెతికి లాక్కురావడం. ఎక్కడ దాచినా పట్టేవాడు. ఒకడు మోటారు సైకిలు పక్కన నిలబడి దిగిన ఫోటోలో, వెనక గోడ సున్నం పెచ్చు చూసి ఏ సందో చెప్పాడని తీగలాయన నలుగురి దగ్గరా గొప్పగా చెప్పుకున్నాడు. "నీవి కళ్ళా, గద్ద కళ్ళా బావా?" అని మురిసిపోయాడు. పెళ్ళి కానుకగా వాళ్ళింట్లోనూ ఒక చిన్న బీరువా సర్వర్ కట్టిపెట్టాడు. కెమెరాలు బిగించాడు. ఎవరు ఏం చూస్తున్నారో ఎలా తెలుసుకోవాలో, ఏ రంగు ఎవరిదో, అన్నీ దగ్గర కూర్చోబెట్టి నేర్పాడు. దొంగకు తాళంచెవులిచ్చి కాపలా పెట్టాడని అప్పుడు తెలియదు పాపం.

తెలిసిన రోజున అతను ఒక ఆఫీసు పైన, లిఫ్టు మోటారు గదిలో ఉన్నాడు. మెట్ల మీద ఎవరో వస్తున్న అలికిడయింది. చెల్లెలు. కుడి కన్ను మూసుకుపోయింది, జుట్టులో నెత్తురు గడ్డకట్టి అట్టలు కట్టింది, ఎడమ చెయ్యి మోచేతి దగ్గర తప్పు దిక్కుకు తిరిగి ఉంది. గోడకు ఆనుకుని నిలబడి ఆమె అన్న మొదటి మాట ఇది.

"అన్నయ్యా, నువ్వు పెట్టిన కెమెరా ఒకసారి వచ్చి తీసేస్తావా?"

అతని చేతిలో పానా కింద పడిపోయింది.

తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పింది. వంటింట్లో కెమెరా, హాల్లో కెమెరా. నీళ్ళు తాగడానికి లేచినా ఫోను మోగేది. కిటికీ దగ్గర నిలబడితే ఎవరి కోసమని సాయంత్రం చెంపలు పగిలేవి. పక్కింటావిడతో నవ్వుతూ మాట్లాడింది కెమెరాలో చూసి, ఆ నవ్వు దేనికో చెప్పమన్నాడు. చెప్పడానికేముంది, నవ్వు నవ్వే. చక్రాల బోల్టులు విప్పే ఇనుపకడ్డీతో చెయ్యి విరగ్గొట్టాడు. తల పట్టుకుని బీరువా తలుపుకేసి కొట్టాడు. అన్న కానుకగా ఇచ్చిన బీరువాకే.

తీగలాయన పానా తీసుకుని లేచాడు. ఇంటికి వెళ్ళాక కూడా అది చేతిలోనే ఉంది. భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వెళ్ళి వాడి తల పగలగొడతావు. బాగుంది. నువ్వు జైల్లో కూర్చుంటే దీన్నెవరు చూస్తారు? ముందు ఎముక కట్టించు."

పోలీసు స్టేషన్లో మొగుడూ పెళ్ళాల గొడవ అన్నారు, నాలుగు రోజులాగితే అదే సర్దుకుంటుందన్నారు. చెల్లెలు మాత్రం ఒక్కటే మాట అంది: "ఈసారి దొరికితే చంపుతానన్నాడన్నయ్యా. ఊరికే అనలేదు." ఆ మాటను తీగలాయన నమ్మాడు. కాబట్టి చెయ్యాల్సింది ఒక్కటే, ఆమె వాడికి దొరక్కూడదు.

డాబా మీద గదిలో దాచారు. వాడు రెండో రోజే వచ్చాడు, కొడుకులా వినయంగా. "బావా, చిన్న మాటకే అలిగి వెళ్ళింది. ఇక్కడికి వచ్చిందా?" అన్నాడు.

"రాలేదే. ఏమైంది బావా?" అన్నాడు తీగలాయన. బతుకులో ఎన్నడూ అబద్ధమాడనివాడు, అంత నున్నగా ఎలా ఆడాడో అతనికే ఆశ్చర్యం. వాడు మంచినీళ్ళు తాగి, బీరువా వంక ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. పెట్టెలో ఆ రంధ్రం ఖాళీగా ఉంది. అది కూడా చూసే వెళ్ళాడు.

చెల్లెలు ఎన్నాళ్ళని గోడలు చూస్తూ కూర్చుంటుంది? ఒంటిచేత్తో చేయగలిగిన పని ఒకటి దొరికింది, కంప్యూటర్లో ఎవరివో మాటలు విని టైపు చేయడం. దానికి నెట్ కావాలి. డాబా గది గోడలు మందం, గాల్లో వచ్చే నెట్ అక్కడిదాకా రాదు. రాకపోవడమే తీగలాయనకు కావాలి. "గాల్లో వచ్చేది గాలిలాగే పోతుంది. తీగంటే తీగే" అన్నాడు. బీరువా అడుగునుంచి ఆకుపచ్చ చుట్ట తీశాడు.

ఆ సంతోషంలో అతనికి ఒళ్ళు తెలియలేదు. చెల్లెలు తిరిగొచ్చింది, ఆమె చోటులో ఆమె తీగ పెడుతున్నాడు. బీరువా నుంచి గుమ్మం పైకి, అక్కడినుంచి మెట్ల గోడ వెంట, జానెడుకొక క్లిప్పు కొట్టి, గీత గీసినట్టు డాబాదాకా లాగాడు. వేరే రంగు వెయ్యాలన్న ఆలోచనే రాలేదు. చెల్లెలికి ఆకుపచ్చ కాకపోతే ఏమేస్తారు?

ఆదివారాలు గడుస్తున్నాయి. గ్రూపులో పోరు మొదలైంది. తీగలాయన బీరువాకు చెదలు పట్టిందా, ముసుగేసుకుందా అని ఒకటే మేలమాడటం. ఇన్నాళ్ళూ ఫోటో పెట్టకపోతే అనుమానం రాదా అని అతను తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. నిజానికి కొత్త వరస చూపించాలని చేతులు దురద పెడుతున్నాయి. దురదే, ఇంకో మాట లేదు. అయినా జాగ్రత్త పడ్డాడు. తీగల మీద పేర్ల చీటీలన్నీ పీకేశాడు. వెనక గోడకు దుప్పటి కట్టాడు. తలుపు అద్దంలో ఎవరి నీడా పడకుండా చూశాడు. భార్యను పిలిచి చూపించాడు. ఆమె కూడా బాగానే ఉందంది. ఫోటో పెట్టాడు. పొగడ్తలు వచ్చి పడ్డాయి. మనిషి పేరు ఎక్కడా లేదు, అన్నీ దాచాడు, రంగు తప్ప.

మర్నాడు మధ్యాహ్నం భార్య మిషను దగ్గర కూర్చుని జాకెట్టు కుడుతోంది. తీగలాయన సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. తలుపు తోసుకుని వాడు వచ్చాడు. ఈసారి చేతిలో కడ్డీ ఉంది. కుర్చీ లాక్కుని కూర్చుని, ఫోను తీసి, ఫోటోలో ఒకచోట వేలు పెట్టాడు.

"ఆకుపచ్చది ఎవరిది బావా?"

"టీచరమ్మది" అన్నాడు తీగలాయన.

"టీచరమ్మకు ఊదా ఇచ్చానని నువ్వే చెప్పావు గదా. ఇదిగో, ఊదా కూడా ఉంది."

"పాతది పాడైతే..."

"పోనీలే. అబద్ధాలెందుకు, ఎవరిదో వాళ్ళనే అడుగుదాం" అని లేచి, బీరువా తెరిచి, ఆకుపచ్చ తీగను పెట్టెలోంచి పీకాడు. పీకి, నోటి మీద వేలు పెట్టుకుని నిలబడ్డాడు. బండి తాళం పట్టుకుపోయి, ఆసామి వచ్చేదాకా చెట్టు చాటున కాచుకునే పనివాడు. ఆసామి ఎప్పుడైనా వస్తాడని వాడికి తెలుసు.

తీగలాయనకూ అర్థమైంది. ఆమె పిలవకూడదు. దేవుడా, ఈ ఒక్కసారి అది పిలవకుండా చూడు. నోరు తెరిచి "అమ్మడూ, రా..." అనబోయాడు. రావద్దు అని చెప్పబోయింది అతను. కడ్డీ నోటి మీద పడింది. ముందు పళ్ళు విరిగి నాలుక మీద రాళ్ళలా దొర్లాయి. భార్య కత్తెరతో లేచింది. వాడు ఆమెను కాలితో తన్నాడు. మిషనుతో సహా గోడకు కొట్టుకుని కింద పడింది. తీగలాయన బీరువా అంచు పట్టుకుని లేవబోయాడు. వాడు చూశాడు. కుడిచేతి వేళ్ళు తలుపు సందులో ఉన్నాయి. తలుపును భుజంతో వేశాడు. మళ్ళీ తెరిచి మళ్ళీ వేశాడు. ఎండుకట్టెలు విరిగిన చప్పుడు తీగలాయన ఇంకోసారి విన్నాడు, ఈసారి తన చేతిలోంచి. అరవకుండా పెదవి కొరుక్కున్నాడు. అరిస్తే ఆమె దిగివస్తుంది.

చెవుల్లో పెట్టుకున్నవి అప్పుడే తీసినట్టుంది, పైనుంచి మామూలుగా, రోజూ పిలిచినట్టే పిలుపు వచ్చింది.

"అన్నయ్యా, నెట్ పోయిందేంటి?"

వాడు నవ్వాడు. కుర్చీ పక్కకు జరిపి, తీగ మీద ఎడమచెయ్యి వేసి, దాన్ని నిమురుకుంటూ మెట్లెక్కాడు. ఒక్క క్లిప్పు వంకర లేదు. వెతుక్కునే పని లేకుండా, దారి తప్పే అవసరం లేకుండా, తీగలాయన తన పనితనమంతా పెట్టి వాడికి దారి వేసి ఉంచాడు.

మెట్ల మధ్యలో ఇద్దరూ ఎదురుపడ్డారు. ఆమె వెనక్కి తిరిగేలోపే జుట్టు పట్టుకున్నాడు. "నవ్వు. ఇప్పుడు నవ్వి చూపించు" అంటూ ముఖాన్ని గోడకేసి కొట్టాడు. సున్నం ఎర్రబడింది. మళ్ళీ కొట్టాడు. కడ్డీ ఎత్తాడు.

తీగలాయన నాలుగు కాళ్ళ మీద పాక్కుంటూ మెట్లెక్కుతున్నాడు. కుడిచెయ్యి చెయ్యిలా లేదు. వాడు పీకేసిన ఆకుపచ్చ తీగ కొస గోడకు వేలాడుతూ ఎడమచేతికి తగిలింది. పట్టుకున్నాడు. లాగితే కింది క్లిప్పులు ఊడివచ్చాయి, పైవి పట్టే ఉన్నాయి. దాన్ని వెనకనుంచి వాడి మెడచుట్టూ వేసి, మణికట్టుకు ఒక చుట్టు తిప్పుకుని, మెట్టు మీదనుంచి కాళ్ళు వదిలేశాడు. ఒంటి బరువంతా తీగ మీద పడింది. వాడి గొంతులోంచి గురక లాంటిది వచ్చింది. అయినా జుట్టు వదల్లేదు. అప్పుడు చెల్లెలు కట్టు కట్టిన చేతిని వెనక్కి ఎత్తి, పిండికట్టు మొత్తం వాడి ముక్కు మీద దించింది. కట్టు పగిలింది, లోపల అతుక్కుంటున్న ఎముక మళ్ళీ విరిగింది. ముక్కూ విరిగింది. జుట్టు వదిలాడు. పైనుంచి క్లిప్పులు టపటపా ఊడుతూ వచ్చాయి. మగాళ్ళిద్దరూ ఒకరి మీద ఒకరు మెట్లన్నీ దొర్లి కిందకు వచ్చిపడ్డారు.

కింద వాడు, పైన తీగలాయన. వాడి తుంటి ఎముక ఫట్‌మంది. లేవలేకపోయాడు.

చెల్లెలు నింపాదిగా దిగింది. మెట్టు మీద పడ్డ కడ్డీ తీసుకుంది. వాడి మోకాలు మీద కొట్టింది. వాడు కేక పెట్టాడు. ఇంకోసారి కొట్టింది. వదిన గోడ పట్టుకుని లేచి, "చాలమ్మా, చాలు" అంది.

"చాల్లేదు వదినా" అని మూడోసారి కొట్టి, కడ్డీ పక్కన పెట్టి, ఆ మెట్టు మీదే కూర్చుండిపోయింది. అప్పుడు ఏడ్చింది.

చప్పుళ్ళకు వీధి పరుగెత్తుకొచ్చింది. పళ్ళ డాక్టరు తీగలాయన నోటికి గుడ్డ అదిమిపట్టాడు. టీచరమ్మ చెల్లెలి తల ఒళ్ళో పెట్టుకుంది. ఈసారి పోలీసులకు మొగుడూ పెళ్ళాల గొడవ అనడానికి నోరు రాలేదు, గోడ మీద నెత్తురు అంత ఎత్తున ఉంది.

ఆసుపత్రిలో తీగలాయన కుడిచేతికి రెండు వేళ్ళు తీసేశారు. మిగిలినవి ఉన్నాయన్నమాటే గాని సూది కూడా పట్టవు. నొప్పికి అతను ఏడవలేదు. ఆ ఫోటో గుర్తొచ్చినప్పుడల్లా దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చాడు. "పొగడ్త కోసం అమ్ముకున్నానే దాన్ని" అనేవాడు భార్యతో. ఆమె నోట్లో గంజి పోసేది.

అతను ఇంటికి వచ్చేసరికి వాడు బెయిలు మీద బయటకు వచ్చేశాడు. కేసు నడుస్తోంది. కర్ర పట్టుకుని కుంటుకుంటూ తిరుగుతున్నాడట. కళ్ళు మాత్రం బాగానే ఉన్నాయి.

డాబా గది ఖాళీగా ఉంది. "అమ్మడేది?" అనడిగాడు తీగలాయన.

"ఉంది" అంది భార్య, అంతే.

ఆ సాయంత్రమే చెల్లెలు దొడ్డిదారిన వచ్చింది. నుదుటి మీద కుట్ల గీత. చెయ్యి ఇంకా పూర్తిగా చాచలేకపోతోంది. అతన్ని పట్టుకుని తీసుకెళ్ళి బీరువా ముందు కూర్చోబెట్టి తలుపులు తెరిచింది.

తీగలన్నీ ఆకుపచ్చవే. టీచరమ్మది, డాక్టరుది, ముసలాయనది, వదినది, డాబాల మీదుగా వీధి చివరిదాకా పోయేవన్నీ. పెట్టెలో ఒక్క రంధ్రం ఖాళీ లేదు. చీటీలు లేవు. తీగల కొసలు ఆమె తనే బిగించింది. కొన్ని వంకరగా ఉన్నాయి.

తీగలాయనకు ఒళ్ళు మండింది. కళ్ళ ముందు నల్లతీగల పెట్టె మెదిలింది, దాని కింద మేస్త్రి.

"ఏం పనే ఇది? ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది? రంగు లేకపోతే మనిషి ప్రాణం పోతుంది. నేను చూశాను."

"రంగు ఉంటే పోయేది నా ప్రాణం అన్నయ్యా. నువ్వు అదీ చూశావుగా" అంది ఆమె. కోపంగా అనలేదు.

అతను ఆ వరసల వంక చాలాసేపు చూశాడు. వీటిలో ఒకదాని చివర, ఎవరింట్లోనో, ఎవరి గదిలోనో తన చెల్లెలు రోజూ కూర్చుని పని చేసుకుంటోంది. వీధి మొత్తానికి అదెక్కడో తెలిసే ఉంటుంది. ఒకప్పుడు తను బీరువా తెరిచి చూపిస్తే ఓపిగ్గా చూసిన వీధే అది.

పనికిరాని కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేతి వేలు ఒక తీగ మీద వేశాడు. తర్వాత ఇంకోదాని మీద.

"ఇందులో నీదేదే అమ్మడూ?"

ఆమె అతని వేలిని తీగ మీదనుంచి మెల్లగా తీసి, చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"నీకు కూడా చెప్పనన్నయ్యా."

తీగలాయన తలూపాడు. బీరువా తలుపులు ఎడమచేత్తో అతనే మూశాడు.